అమ్మానాన్నల ఆస్తి రాయించుకుని వదిలేశారా? ఫిర్యాదు ఎలా చేయాలి, ఏ నేరానికి ఏ శిక్ష

‘‘మా అమ్మ చేత సెటిల్‌మెంటు రాయించేసుకున్నాడండీ. ఇప్పుడు వెనక వసారాలో మంచం వేసి, పలకరించే దిక్కు లేకుండా వదిలేశాడు. వాణ్ణి జైల్లో పెట్టించొచ్చా?’’ ఈ ప్రశ్న నన్ను అడగని నెల లేదు. అమలాపురం నుంచి, రాజోలు నుంచి, నరసాపురం నుంచి, పాలకొల్లు నుంచి అడుగుతూనే ఉంటారు. అడిగేది ఎక్కువగా కూతురో, మేనకోడలో. పెద్దావిడ మాత్రం పక్కనుంచి ‘‘జైలూ గియిలూ వద్దే, ఊళ్లో పరువు పోతుంది’’ అంటూ ఉంటుంది.

ఇద్దరికీ ఒకటే చెబుతాను. జైలు దారి వేరు, అన్నం, ఆస్తి తిరిగొచ్చే దారి వేరు. జైలు దారి పోలీస్ స్టేషన్ నుంచి మొదలవుతుంది. రెండోది ఆర్డీవో ఆఫీసు నుంచి మొదలవుతుంది. పోలీసులు పొలం వెనక్కి ఇప్పించలేరు, ఆర్డీవో నేరానికి శిక్ష వేయలేరు. ఈ తేడా తెలియక ఒకే చోట ఏళ్ల తరబడి తిరిగినవాళ్లను చూశాను. అందుకే ఏది ఎక్కడ అడగాలో వరసగా రాస్తున్నాను.

ఇప్పుడే కొట్టారు, గదిలో పెట్టి గడియ వేశారు, బయటికి గెంటేశారు అంటే ఈ కాగితాల పని తర్వాత చూసుకోవచ్చు. ముందు 112కి ఫోన్ చేయండి. దెబ్బలుంటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎవరు కొట్టారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పించండి. ‘‘గట్టు మీద జారిపడ్డానండి’’ అని ఒక్క మాట అక్కడ రాయిస్తే తర్వాత దాన్ని చెరపడం చాలా కష్టం.

దగ్గర పెట్టుకోవలసినవి

- వయసు తెలిపే ఆధారం. ఆధార్ చాలు. 60 ఏళ్లు నిండినవారు చట్టం లెక్కలో వయోవృద్ధులు. కన్న తల్లిదండ్రులైతే 60 నిండకపోయినా మనోవర్తి (పోషణ ఖర్చు) అడగొచ్చు.
- బ్యాంకు పాసుపుస్తకం, కనీసం గత రెండేళ్ల ఎంట్రీలు ప్రింటు వేయించి.
- దస్తావేజు నకలు, ఈసీ (ఆస్తి మీద ఏయే దస్తావేజులు నమోదయ్యాయో చూపే కాగితం). రెండూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తారు. అసలు దస్తావేజు కొడుకు బీరువాలో ఉందని ఆగిపోకండి, నకలుతో పని జరుగుతుంది.
- పొలమైతే 1బి, అడంగల్ (రెవెన్యూ రికార్డుల్లో పొలం ఎవరి పేరున ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో చూపేవి).
- ఆసుపత్రి చీటీలు, డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు.
- దివ్యాంగులైతే సదరం సర్టిఫికెట్టు (వైకల్యం ఎంతో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చేది).
- ఒక నోటు పుస్తకం. ఇదెందుకో రెండో మెట్టులో చెబుతాను.

1. ముందు డబ్బు కారడం ఆపండి

కేసు తేలేలోపు ఖాతా ఖాళీ అయిపోతుంది. కాబట్టి పెద్దవాళ్లను స్వయంగా బ్యాంకుకు తీసుకెళ్లండి. పాత ఏటీఎం కార్డు ఆపేయమని రాసివ్వండి. ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఉందో అడగండి. చాలా ఇళ్లలో అది కొడుకుదో మనవడిదో ఉంటుంది, ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. ఆ నంబరు మార్పించండి. జాయింట్ ఖాతా అయితే ఇకనుంచి ఇద్దరి సంతకాలతోనే డబ్బు ఇవ్వాలని మేనేజరుకు రాసిచ్చి, రసీదు తీసుకోండి.

వేలిముద్ర వేసి డబ్బు తీసే చిన్న మిషన్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ‘‘పింఛను కోసం వేలు పెట్టు మామ్మా’’ అని ఒకసారికి రెండుసార్లు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం ఉంది. ఆధార్ నంబరుకు మీ ఫోన్ జతై ఉంటే ఆధార్ యాప్‌లోనే వేయొచ్చు. హెచ్చరిక: పింఛను వేలిముద్రతో తీసుకుంటున్నట్టయితే ఒకటో తారీఖుకు ముందు తాళం తీయడం మరచిపోవద్దు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే 4,000 వృద్ధాప్య పింఛను ఇంటికే వస్తుంది. అది ఎవరి చేతిలో పడుతోందో కనుక్కోండి. వేలు ఆవిడ వేసి, నోట్లు కోడలు తీసుకుంటుంటే సచివాలయంలో రాతపూర్వకంగా చెప్పండి.

2. తారీఖులు పోగేయండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, జనం అన్నిటికన్నా అశ్రద్ధ చేసేదీ ఇదే. ‘‘మా అబ్బాయి సరిగా చూడట్లేదు’’ అంటే ఏ ఆఫీసులోనూ కాగితం కదలదు. ఏ రోజు, ఎంత, ఎవరి ఎదురుగా అన్నది కావాలి.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. ఎనిమిది కుంచాల కొబ్బరితోట ఆవిడది. దింపు తీయించి కాయలమ్మిన ప్రతిసారీ డబ్బు ఆవిడ ఖాతాలో పడేది, ఆవిడ చేతికి మాత్రం వచ్చేది కాదు. ‘‘నువ్వే తీయమన్నావు కదమ్మా’’ అనేవాడు కొడుకు. నిజమేనేమో, నేనే మరచిపోయానేమో అనుకునేది ఆవిడ. ఒకరోజు ఆవిడను బ్యాంకుకు తీసుకెళ్లి పాసుపుస్తకం మిషన్లో పెట్టించాను. ఎన్నాళ్లుగానో ప్రింటు వేయించలేదేమో, నాలుగు పేజీలు నిండాయి. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఒక్కొక్క గీతా చదివాను. ఆవిడకు చదువు రాదు, పండగలు మాత్రం బాగా గుర్తు. ‘‘అట్లతద్ది ముందు మూడు రోజులు నేను ఆసుపత్రిలో ఉన్నానర్రా, సెలైన్ ఎక్కించారు’’ అంది. సరిగ్గా ఆ మూడు రోజుల్లో రెండుసార్లు, పదేసి వేలు, ఏటీఎంలో తీసి ఉన్నాయి. డిశ్చార్జి కాగితం తెచ్చి పాసుపుస్తకం పక్కన పెట్టాను. మంచం మీద సూదితో ఉన్న మనిషి ఏటీఎంకి ఎలా వెళ్తుంది? ఇక ఆ రెండు కాగితాల ముందు ఎవరి వాదనా నిలబడలేదు.

మీరూ అలాగే చేయండి. పాసుపుస్తకంలో పెద్ద మొత్తాలకు పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ రోజు పెద్దవాళ్లు ఎక్కడున్నారో పక్కన రాయండి. ఆసుపత్రి, కూతురి ఊరు, పెళ్లి, పుష్కరాలు, ఏదైనా సరే. ఏటీఎంలో కెమెరా ఉంటుంది, ఆ దృశ్యాలు ఎక్కువ కాలం ఉంచరు. అందుకని ఫలానా తారీఖు దృశ్యాలు భద్రపరచమని బ్యాంకుకు వెంటనే రాసివ్వండి.

నోటు పుస్తకంలో రోజూ ఒక పేజీ. పొద్దున్న కాఫీ ఎవరిచ్చారు, ఎన్నింటికి అన్నం పెట్టారు, ఏం పెట్టారు, మాత్రలు ఉన్నాయా, ఎవరు ఏ మాట అన్నారు. పెద్దవాళ్లు రాయలేకపోతే వారు చెప్పింది మీరు రాసి, కింద వేలిముద్ర వేయించి, తారీఖు వేయండి. పదిహేను రోజుల పుస్తకం చాలు. ఫోటోలు, ఫోన్లో మాటల రికార్డింగు ఉంటే ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. అసలు ఫైలు అందులోనే ఉండాలి.

3. ఏ నేరానికి ఏ శిక్షో చూసుకోండి

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తారీఖుకు ముందు జరిగినవాటికి పాత ఐపీసీ సెక్షన్లే రాస్తారు. ఈ సెక్షన్లు బట్టీపట్టక్కర్లేదు. మీకు జరిగింది ఇందులో ఎక్కడ సరిపోతుందో చూసుకుంటే స్టేషన్లో ధైర్యంగా మాట్లాడగలరు.

- చూసుకోవలసినవాళ్లు 60 దాటిన మనిషిని పూర్తిగా వదిలించుకోవాలనే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే: 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 24వ సెక్షన్. 3 నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. పుష్కరఘాట్ దగ్గర కూర్చోబెట్టి వెళ్లిపోవడం, రైలెక్కించి రాకపోవడం ఇందులోకి వస్తాయి.
- కొడితే: సంహిత 115(2), ఏడాది వరకు. ఎముక విరిగితే 117(2), 7 ఏళ్ల వరకు.
- గదిలో బంధిస్తే: 127(2), ఏడాది వరకు. 3 రోజులు దాటితే 3 ఏళ్ల వరకు, 10 రోజులు దాటితే 5 ఏళ్ల వరకు.
- ఇంట్లో నగలో డబ్బో దొంగిలిస్తే: 305, 7 ఏళ్ల వరకు. దొంగ కొడుకే అయినా దొంగతనం దొంగతనమే.
- ‘‘దాచిపెడతాను ఇవ్వమ్మా’’ అని తీసుకున్న సొమ్ము సొంతానికి వాడేసుకుంటే: నమ్మకద్రోహం, 316(2), 5 ఏళ్ల వరకు.
- ‘‘పింఛను కాగితం’’ అని చెప్పి పొలం దస్తావేజు మీద వేలిముద్ర వేయిస్తే: మోసం, 318(4), 7 ఏళ్ల వరకు.
- దొంగ సంతకంతో వీలునామా, దస్తావేజు సృష్టిస్తే: 338, 10 ఏళ్ల వరకు, యావజ్జీవం కూడా పడొచ్చు.
- చంపుతామని బెదిరిస్తే: 351(3), 7 ఏళ్ల వరకు. బెదిరించి సొమ్ము లాక్కుంటే 308(2), అదీ 7 ఏళ్ల వరకు.
- ఒకరి పిన్, ఓటీపీ, వేలిముద్ర దురుద్దేశంతో వాడితే: ఐటీ చట్టం 66సి, 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.
- ఒప్పందం మీద జీతం తీసుకుంటూ, లేవలేని మనిషిని కావాలని పట్టించుకోకపోతే: సంహిత 357, 3 నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లలు గల్ఫ్‌లో ఉండి ఇక్కడ మనిషిని పెట్టిన ఇళ్లవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

24వ సెక్షన్ చూసి కొందరు ‘‘మూడు నెలలేనా’’ అంటారు. నాకూ అది చాలా తక్కువనే అనిపిస్తుంది. పైగా అది బెయిలు దొరికే నేరం. అందుకే ఒక్క 24తో సరిపెట్టుకోకండి. వదిలేయడానికి ముందు కొట్టడం, నగలు తీసుకోవడం, మోసంతో రాయించుకోవడం ఉంటే అవన్నీ ఫిర్యాదులో రాయాలి. అసలు బరువు వాటిలోనే ఉంది.

తొందర కూడా అవసరమే. ఏడాది వరకు శిక్ష ఉన్న నేరాలను కోర్టు విచారణకు తీసుకోవడానికి గడువు ఒక్క సంవత్సరం. ‘‘పండగెళ్లాక చూద్దాం, దాళ్వా కోతలయ్యాక చూద్దాం’’ అంటూ జరిపితే గడువు చేజారుతుంది.

4. స్టేషన్లో ఫిర్యాదు

ఫిర్యాదు ఒకటి రెండు పేజీలకు మించనివ్వకండి. పెళ్లినాటి సంగతుల నుంచి మొదలెట్టొద్దు. మొదటి పేరాలో పెద్దవారి పేరు, వయసు, ఊరు, ఎవరి మీద ఫిర్యాదు. తర్వాత తారీఖుల వరస. చివర ఏం పోయింది, ఎంత పోయింది. కాగితాల జిరాక్సులకు నంబర్లు వేసి జత చేయండి.

‘‘ఇది కుటుంబ గొడవండీ, సివిల్ మేటరు, పెద్దమనుషుల దగ్గర తేల్చుకోండి’’ అని పంపించేయడం మామూలే. గట్టిగా, మర్యాదగా ఇలా చెప్పండి: ‘‘పొలం సంగతి ఆర్డీవో గారి దగ్గర చూసుకుంటామండి. ఇక్కడ మేం ఇచ్చేది కొట్టడం గురించి, ఏటీఎం డబ్బు గురించి. వయోవృద్ధుల చట్టం 24వ సెక్షన్ కింద పోలీసులే కేసు కట్టొచ్చు కదండి.’’ ఆ చట్టం 25వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది.

అయినా తీసుకోకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లొచ్చు. సంఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా మీ దగ్గరి స్టేషన్లో జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. 60 దాటినవారిని సాక్ష్యం చెప్పమని స్టేషన్‌కు రప్పించకూడదు, వారుండే చోటికే పోలీసులు రావాలి. నడవలేని మనిషిని ఆటోలో వేసుకుని స్టేషన్ చుట్టూ తిప్పకండి.

5. ఆర్డీవో దగ్గర అర్జీ

తిండి, మందులు, నెలవారీ డబ్బు, ఇల్లు, పొలం కోసం ఈ దారి. వయోవృద్ధుల చట్టం కింద రెవెన్యూ డివిజన్‌కు ఒక ట్రిబ్యునల్ ఉంటుంది, ఆర్డీవోనో సబ్‌కలెక్టరో దానికి పెద్ద. అమలాపురం, కొత్తపేట, భీమవరం, నరసాపురం, మీది ఏ డివిజనో అక్కడికి. పెద్దవారు ఇప్పుడు ఉంటున్న చోటైనా, అంతకుముందు ఉన్న చోటైనా, పిల్లలున్న చోటైనా అర్జీ ఇవ్వొచ్చు. కూతురి ఊరికొచ్చి తలదాచుకుంటున్నవారు అక్కడి నుంచే వేయొచ్చన్నమాట.

లాయరు తప్పనిసరి కాదు. పెద్దవారు రాలేకపోతే వారు రాసిచ్చిన అధికారంతో మీరైనా, ఏదైనా సంస్థైనా వేయొచ్చు. తెల్ల కాగితం మీద తెలుగులో రాయండి. ఏం కావాలో అంకెల్లో అడగండి: నెలకు బియ్యం, పాలు ఇంత, మందులు ఇంత, మనిషి జీతం ఇంత, మొత్తం ఇంత. ఈ చట్టం కింద నెలకు 10,000 వరకు ఇప్పించొచ్చు. కేసు నడిచేలోపు కూడా మధ్యంతరంగా ఇప్పించమని అదే అర్జీలో అడగాలి. ఇది చాలామంది వదిలేస్తారు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం. తప్పనిసరైతే మరో 30 రోజులు.

కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవలు, మనవరాళ్ల మీద వేయొచ్చు. కోడలి పేరు ఈ జాబితాలో లేదు, ఆవిడ మీద ఫిర్యాదుంటే ఆరో మెట్టు చూడండి. పిల్లలు లేనివారైతే ఆస్తి అనుభవిస్తున్న, లేదా ఆస్తి రాబోయే వారసుల మీద వేయాలి.

రాజీ కూర్చోబెట్టే రోజు జాగ్రత్త. మా పెద్దమ్మను అడిగారు, ‘‘అన్నం పెడుతున్నారామ్మా?’’ అని. కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ‘‘పెడతారండి’’ అంది. నా గుండె జారిపోయింది. కన్నకొడుకు పదిమందిలో తలొంచుకుంటే ఏ తల్లీ చూడలేదు. అప్పుడు నోటు పుస్తకం ముందు పెట్టి, ఆవిడతో విడిగా మాట్లాడమని బతిమాలాను. లోపలి గదిలో ‘‘నిన్న ఏం తిన్నావమ్మా?’’ అని అడిగితే మధ్యాహ్నం మూడింటికి పెరుగన్నం, రాత్రి ఏమీ లేదు అని చెప్పింది. ‘‘బాగా చూస్తున్నారా’’ అని అడిగితే ఏ తల్లైనా అవుననే అంటుంది. నిన్నటి పూట గురించి అడిగితే నిజం వస్తుంది. మీరు కూడా విడిగా మాట్లాడమని ముందే అర్జీలో రాయండి.

రాజీ కుదిరితే నోటిమాట మీద లేచి రావద్దు. ఎంత, ఏ తారీఖుకు, ఏ ఖాతాలో అని రాసి ట్రిబ్యునల్ ఆర్డరుగా ఇప్పించుకోండి. ఊరి పెద్దమనుషుల కాగితం మీద జైలు ఉండదు. ట్రిబ్యునల్ ఆర్డరు మీద ఉంటుంది: డబ్బు కట్టకపోతే వారంటు ఇచ్చి నెల వరకు, లేదా కట్టేదాకా జైల్లో ఉంచొచ్చు. దానికో మెలిక ఉంది. బాకీ పడిన 3 నెలల్లోపే వారంటు అడగాలి. ‘‘వచ్చే నెల ఇస్తాడులే’’ అని ఊరుకుంటే పాత నెలలు పోతాయి.

6. పొలం, ఇల్లు వెనక్కి రావాలంటే

అదే అర్జీలో వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద దస్తావేజు రద్దు అడగాలి. ఇక్కడ షరతు అన్న ఒక్క మాట మీదే అంతా నడుస్తుంది. ‘‘నన్ను పోషించాలి’’ అన్న షరతుతో రాసిచ్చి, తీసుకున్నవాడు పోషించకపోతే ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు. షరతు ఉందని చూపించాల్సిందేనని 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, దాన దస్తావేజుతోపాటు కొడుకు విడిగా రాసిచ్చిన హామీ కాగితాన్ని కలిపి చూసి దస్తావేజు రద్దు చేసి, ఇల్లు తల్లికి అప్పగించమంది. అవసరమైతే ఖాళీ చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందనీ ఆ తీర్పులోనే ఉంది.

కాబట్టి నకలు తెప్పించి ప్రతి లైనూ చదవండి. ‘‘జీవితాంతం పోషించు షరతుపై’’ లాంటి మాట ఎక్కడో మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. లేకపోతే ఆ రోజు రాసుకున్న పంపకాల కాగితం, సాక్షి సంతకాలు చేసినవారి మాట, ఫోన్లో వచ్చిన ‘‘నేను చూసుకుంటాను కదమ్మా’’ అన్న సందేశం వెతకండి.

షరతు ఎక్కడా దొరకకపోతే, మోసమో ఒత్తిడో ఉంటే, సివిల్ కోర్టులో రద్దు దావా వేయొచ్చు. సంగతి తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లు గడువు. 2007 చట్టం అమల్లోకి రాకముందు రాసిన దస్తావేజులకు 23వ సెక్షన్ వర్తించదు, వారికీ సివిల్ కోర్టే దారి. ‘‘రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి మీరొక్కరే రద్దు దస్తావేజు రాసేస్తే సరిపోతుంది’’ అని ఎవరైనా చెబితే స్టాంపుల డబ్బు దండగ చేసుకోకండి. ఒకసారి ఇచ్చిన దానాన్ని ఇచ్చినవారు ఒక్కరే వెనక్కి తీసుకోలేరు.

ఇంకా రాయనివారికి: పిల్లలు ఎంత ఒత్తిడి చేసినా వీలునామా మాత్రమే రాయండి. బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంటే రాయాల్సి వస్తే, పోషణ షరతు, జీవితాంతం ఫలసాయం అనుభవించే హక్కు, రెండూ దస్తావేజులోనే రాయమని లేఖరికి చెప్పండి. చెరువు లీజు, మక్తా డబ్బు ఎవరి ఖాతాలో పడాలో కూడా రాయించండి.

తల్లి అయితే ఇంకో తలుపు కూడా ఉంది. 2005 గృహహింస చట్టం కింద కొడుకు మీద, కోడలి మీద కూడా రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు అడగొచ్చు. ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 వరకు జరిమానా. 181కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

7. పెద్దవయసు కాకపోయినా, ఆధారపడి బతికే వాళ్లకు

అమ్మానాన్నలు పోయాక అన్నగారింట్లో ఉండే మాటరాని తమ్ముడు, లేవలేని చెల్లెలు, వీళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. కష్టం మాత్రం తక్కువ కాదు. 6,000 దివ్యాంగ పింఛను వస్తుంది కాబట్టి మనిషిని ఉంచుకుంటారు, గంజి మాత్రం పోయరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ దీనికే ఉంది. సంరక్షణలో ఉన్న దివ్యాంగులకు కావాలని తిండి, నీళ్లు ఇవ్వకపోయినా, పదిమందిలో అవమానించినా, చేతికర్రో వీల్‌చెయిరో పనికిరాకుండా చేసినా కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు, జరిమానా. వయోవృద్ధుల చట్టంలోని మూడు నెలలకన్నా ఇది చాలా గట్టిది. మంచాన పడ్డ పెద్దవారికి సదరం సర్టిఫికెట్టు ఉంటే వారికీ ఇది పనిచేస్తుంది, తప్పక రాయండి.

ఇక్కడ ఫిర్యాదు బాధితుడే ఇవ్వాలని లేదు. పక్కింటివారు చూసి చెప్పినా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే తహసీల్దారో ఆర్డీవోనో, ఆ మనిషిని అక్కడి నుంచి తప్పించి రక్షణ కల్పించొచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నలుగురు పిల్లలుంటే ఒక్కడి మీదే వేయడం. అప్పుడు వాడు ‘‘నా ఒక్కడికేనా’’ అని వాదన మొదలెడతాడు. ఆస్తి ఎవరికి ఎంత వెళ్లిందో రాసి అందరినీ చేర్చండి.

ఫిర్యాదులో పెంచి రాయడం. మూడు కాసులు పోతే ఆరు కాసులని రాస్తే, ఆరూ అబద్ధమనిపిస్తాయి.

పెద్దవారికి చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించడం. రేపు ఎదుటివారు ‘‘ఇదంతా కూతురు ఆడిస్తున్న నాటకం’’ అంటారు. చదివి వినిపించామని రాసి, బయటి మనిషి ఒకరి చేత సాక్షి సంతకం చేయించండి. మీరు కూడా ఆస్తి కోసమే తిరుగుతున్నారేమో అన్న అనుమానం ఏ అధికారికైనా వస్తుంది, రావాలి కూడా. పెద్దావిడ కోరుకునేదేమిటో ముందు ఆవిడనే అడగండి. అన్నం, మందులు చాలు, వాణ్ణి ఏమీ చేయొద్దంటే స్టేషన్ దారి ఆపి ఆర్డీవో దారిలోనే వెళ్లండి. ఆవిడ జీవితం ఆవిడది.

దారి తోచకపోతే 14567 వృద్ధుల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు. ఉచిత లాయరు కోసం 15100. ఆడవారికి, దివ్యాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఇస్తారు.

పని జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

ఎఫ్‌ఐఆర్‌లో మీరు చెప్పిన ప్రతి నేరానికీ సెక్షన్ పడిందా చూడండి. డబ్బు సంగతి వదిలేసి కొట్టడం ఒక్కటే రాసి ఉంటే, అదనపు వాంగ్మూలం ఇస్తామని రాసివ్వండి.

ఆర్డీవో ఆఫీసులో అర్జీ ఇచ్చాక ఫైలు నంబరు లేకుండా ఇంటికి రావద్దు. పదిహేను రోజులకోసారి ఆ నంబరుతో, ఎదుటివారికి నోటీసు అందిన తారీఖు అడగండి. ఫైలు ఎక్కడో ఆగిపోయిందనిపిస్తే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ నంబరుతోనే ఫిర్యాదు చేయండి.

పోషణ ఆర్డరు నకలు డబ్బు కట్టకుండానే ఇవ్వాలి. ఆర్డరు వచ్చిన 30 రోజుల్లో డబ్బు జమ కావాలి. ప్రతి నెలా పాసుపుస్తకం ప్రింటు వేయించి, రాని నెల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. రెండు ఎర్ర గుర్తులు పడ్డాయంటే వారంటు అర్జీ రాసేయండి. తీర్పు తక్కువనిపిస్తే 60 రోజుల్లోపు కలెక్టరు దగ్గర అప్పీలు చేయొచ్చు.

దస్తావేజు రద్దయితే ఆర్డరు చూసి సంతోషపడి ఆగిపోవద్దు. ఆ నకళ్లు సబ్‌రిజిస్ట్రార్‌కు, తహసీల్దారుకు ఇచ్చి రసీదులు తీసుకోండి. నెల తర్వాత కొత్త ఈసీ తీయించండి. రద్దు సంగతి అందులో ఎక్కిందా? 1బిలో పేరు మళ్లీ పెద్దవారిది అయిందా? మా పెద్దమ్మ ఈసీలో అది ఎక్కడానికి మూడుసార్లు తిరిగాం. మూడోసారి ఆ కాగితం పట్టుకొచ్చి ఆవిడ పేరున్న గీత మీద వేలు పెట్టించాను. ఆ తర్వాతి దింపు డబ్బు ఆవిడే బ్యాంకులో లెక్కపెట్టుకుని తెచ్చుకుంది.